పంచామృతం తేల్చిన గ్రేడు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది తిరువళ్లూరులోని ఒక ఆస్పత్రిలో నన్ను కాన్సరు ఆపరేషన్ల వార్డుకు మార్చారు. నాది ఆయా ఉద్యోగం. కట్లు మార్చే నర్సుకు సామాను అందించడం, తడిసిన గాజుగుడ్డ పారేయడం నా పని. పెద్దగా చదువుకోకపోయినా గ్రేడ్ల సంగతి వినీ వినీ వచ్చేసింది. ఆపరేషను తర్వాత చెడిన పుండుకు కట్టుతో సరిపెడితే ఒకటో గ్రేడు. మందు ఎక్కిస్తే రెండు. మత్తిచ్చి మళ్లీ థియేటరుకు తీసుకుపోతే మూడు. పుండు ఎంత చెడిందని కాదు, దానికి మనం ఏం చేశామన్నదే లెక్క.

ఆర్.కె.పేట రైతు ఒకాయనకు నోటి కాన్సరుకు దవడ తీశారు. ముక్కులో వేసిన గొట్టంలోనే గంజి. కొన్నాళ్లకు మెడ కుట్టు దగ్గర తడి మొదలైంది. అది చెమటేననీ, కట్టు మారిస్తే చాలుననీ చిన్న డాక్టరు ఒకటో గ్రేడు వేశాడు. ఆ నెల మూడో గ్రేడు ఒక్కటీ రాలేదని ఆయనకు గర్వం. నోట్లోని ఎంగిలి లోపల దారి చేసుకుని మెడలోని పెద్ద రక్తనాళం మీద పడితే మనిషి దక్కడని నర్సు చెప్పి చూసింది. వినలేదు. నాకైతే ఖర్చయ్యే గాజుగుడ్డ చూసి కడుపు మండేది.

ఆడికృత్తిక పండగనాడు రైతు భార్య తిరుత్తణి కొండ మీది గుడికి పోయి వచ్చింది. ఆ సాయంత్రం కట్టు విప్పితే గుడ్డ మీద బెల్లపు జిగురు, అరటిపండు వాసన.

"ఏందమ్మే ఇది? నోట్లో చుక్క గూడా పెట్టొద్దని చెప్పినానా లేదా?" అని రైతు భార్యను నిలదీశాను.

"పంచామిర్తం అక్కా, గోరంత నాలిక మీద పెట్టినా. సామి పెసాదానికి గూడా పత్యముంటాదా?"

"సామి ఇచ్చింది కడుపులోకి పోలా, మెడలోంచి బయటికొచ్చింది. పో, డాక్టర్ని పిలుచుకోని రా!"

గుడ్డ వాసన చూశాక చిన్న డాక్టరు చెమట మాట ఎత్తకుండా పెద్ద డాక్టరమ్మను పిలిపించాడు. ఆవిడ రైతు భార్యను కొంచెం, చిన్న డాక్టర్ను బాగా తిట్టి, వెంటనే థియేటరులో నోట్లోంచి మెడకు పడిన రంధ్రం మూసి, ఛాతీ కండతో కప్పింది. రక్తనాళం ఇంకా చెడలేదు. కట్టు పొడిగా నిలిచింది. కేసు షీటులో గ్రేడు మూడైంది.

"మొన్న ప్రాణం మీదికొచ్చినప్పుడు ఒకటి, ఈ పొద్దు తేరుకుంటే మూడా? ఇదేం లెక్కక్కా?" అంది భార్య.

"రాసేవాళ్లనడుగు" అన్నాను.

నెలాఖరు మీటింగులో మూడో గ్రేడు ఎందుకొచ్చిందని పెద్ద డాక్టరమ్మనే సంజాయిషీ అడిగారట. మనిషి ఎలా ఉన్నాడని ఎవరూ అడగలేదట. అప్పట్నుంచి తక్కువ గ్రేడు అని ఎవరైనా చెబితే, పుండు చిన్నదా, వైద్యం చిన్నదా అని అడిగి తెలుసుకోవడం నేర్చుకున్నాను.