నా రూలుకు నేనే పేషెంటు

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. మా కేజీఎఫ్ బంగారు గనుల సైనైడ్ మట్టి దిబ్బలు నా నోట్లో పడితే హిమాలయాలవుతాయి. కాబట్టి ఈ ఘోరాన్ని సగానికి తగ్గించుకుని చదవండి. అలా తగ్గించినా నా పరువు మిగలదు.

కొన్నేళ్ల కిందట నేనొక ఆసుపత్రి ఫోను బృందానికి లీడును. ఇంటికి పంపేసిన రోగులకు ఫోన్ చేసి మందులు వేసుకున్నారో లేదో కనుక్కోవడం మా పని. ఎవరిళ్లలో వాళ్లం. నేను కేజీఎఫ్‌లో, మిగతావాళ్లు బంగారుపేట, మాస్తి, ముళబాగిలులో. పేరుకు లీడును నేను. అనుమానమొస్తే అందరూ అడిగేది మాత్రం ముళబాగిలు రాజమ్మను! వీడియో మీటింగులో నేను నోరు తెరిస్తే కెమెరాలు ఆరిపోయేవి. ఆమె తుమ్మినా అన్ని ముఖాలూ వెలిగేవి. పైగా నా కుర్చీ ఆమెకిస్తారని పుకారు. నా కడుపుమంట మీద మా ఇంట్లో రెండు వాయిల ఇడ్లీ ఉడికేది.

ఎలాగైనా ఆమెను తప్పులో పట్టుకోవాలి. ఆమె ఫోన్ చేయాల్సిన రోగుల జాబితాలో మునెప్ప అనే దొంగ రోగిని చేర్చాను. ఫోన్ నంబరు నా రెండోది, చిరునామా మా ఇంటిదే. ఫోన్ మోగగానే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాను.

"మునెప్పప్పా, మాత్ర ఏసుకున్యావా?"

"ఏసుకోలా. ఏం చేస్తావు?"

"ఏం చేస్తానప్పా, నువ్వేసుకునేదాకా ఈడనే కూసోనుంటా."

ఆమెకు కోపమే రాలేదు! లేని నొప్పి తెచ్చుకుని మూలిగాను. "అమ్మా, గుండెల్లో నొప్పి!"

"కదలద్దప్పా, బండి పంపిస్తా ఉండా."

"అయ్యో, తగ్గిపోయిందమ్మా!"

"తగ్గిందన్నా నమ్మద్దు, బండి చేరేదాకా ఫోన్ పెట్టద్దు అని మా లీడు సారు రూలు రాసినాడప్పా."

అవును, రాశాను. లావు అక్షరాల్లో, కింద గీత గీసి మరీ.

అంబులెన్సు కూతకు మూడు వీధులు మా వాకిట్లో చేరాయి. స్ట్రెచర్ చూసి మా ఆవిడ, "మునెప్పా? యాడుండాడు? ఈ ఇంట్లో ఉండే మగోడు ఈయనొకడే!" అంది. తువ్వాలుతో సహా దొరికిపోయాను. బండిలో వచ్చిన నర్సు నా బీపీ చూసి నోరెళ్లబెట్టింది.

ఫోనులో రాజమ్మ ఇంకా ఉంది. "సార్, మీ గొంతు మొదటి మాటకే పట్టేసినా. అయినా నొప్పి అన్నాక ఊరికే ఎట్లుంటాం? మీరు మావోళ్లు కదా."

తిట్టినా బాగుండేది.

ఆ వారమే కుర్చీ ఆమెకు పోయింది. ఇప్పుడు రోజూ పొద్దున ఆమె మొదటి ఫోన్ నాకే. "సార్, బీపీ మాత్ర ఏసుకున్యారా?"

ఇకమీదట ఏ జాబితాలోనూ దొంగ రోగిని చేర్చనని ఆ తువ్వాలు సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇందులో నేను కల్పించింది ఏదంటారా? 'లేని నొప్పి' అన్నాను చూడండి, అదొక్కటే. రాజమ్మ పేరు విన్నప్పుడల్లా గుండెల్లో నిజంగానే మండేది.