ముందు వరసలో గొడుగు

సెవెరీనో సెలవులకు ప్లాను వేయడం మొదలుపెట్టాడంటే మా తొరీనో ఊళ్లో ఎండలు ముదిరినట్టే. ట్రాము నడిపి రిటైరైన మనిషి. ఏటా నా కాఫీ కొట్లో కిటికీ పక్క బల్ల మీద మ్యాపు పరుస్తాడు. ఒక వారం లిగూరియాలో సముద్రం, ఇంకో వారం కొండల్లో బావమరిది ద్రాక్షతోట. ఏటా అదే రైలు, అదే తోట. దానికి మళ్లీ ప్లాను ఎందుకో! భార్య ఒర్నెల్లా పక్కనుంటే ముందు తోటా, సముద్రమా అని గంటసేపు పోట్లాట నడిచేది. నాకు మంచి కాలక్షేపం.

మొన్న చలికాలంలో ఆవిడ పోయింది. ఈసారి అతను మ్యాపు పరిచి, దాని మీద చెయ్యి వేసుకుని ఊరికే కూర్చున్నాడు. చూడలేకపోయాను.

"ఏమయ్యా, రైలెక్కుతావా, ఇక్కడే వేళ్లూనుకుంటావా? ఆగస్టొస్తే అందరూ సెలవులకి పోయి వీధంతా తాళాలే. పావురాలతో కబుర్లు చెప్పుకుంటావా?"

"గ్వాల్తియేరో ఫోన్ చేశాడు. ముందు వరసలో గొడుగు ఖాళీ అయిందట. సాయంత్రంలోగా చెప్పమన్నాడు."

కడుగుతున్న కప్పు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. గ్వాల్తియేరో సముద్రపొడ్డున గొడుగులూ కుర్చీలూ అద్దెకిస్తాడు. అక్కడ ఎవరి గొడుగు వాళ్లదే, వాళ్ల తరవాత వాళ్ల పిల్లలది. ముందువాళ్లు మానుకుంటేనో, కన్నుమూస్తేనో తప్ప వెనకవాళ్లు ముందుకి జరిగేది లేదు. పెళ్లయిన ఏడు నుంచీ ఒర్నెల్లాది మూడో వరసే.

"నేను చూసేది సముద్రమా, నా మొహమా! మా ముందు కూర్చునే ఆ నోటరీగారి బట్టతల చూడ్డానికి ఇంత దూరం పోవాలి" అని ఏటా తిట్టుకునేది. పళ్లున్నప్పుడు శనగలు లేవు. ఇప్పుడొచ్చాయి శనగలు!

"ఇంకా ఆలోచనేంటి, తీసుకో! దానికోసం ఎంత తపించిపోయింది పిచ్చిది!"

"నువ్వు చెప్పడం తేలికే, డెల్ఫీనా."

"తేలికా? మా ఆయన పోయాక నేను సముద్రం మొహం చూళ్లేదు, తెలుసా? తోడెవరని వెళ్లను? నీకు పిలిచి ఇస్తుంటే నీలుగుతున్నావ్!"

అనేసి మళ్లీ కప్పు కడగడంలో పడ్డాను. అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

"గ్వాల్తియేరో, ఆ ముందుది ఇంకెవరికైనా ఇచ్చెయ్. నాకు మూడో వరసే ఉంచు... కుర్చీలా? ఎప్పట్లాగే. రెండూ వెయ్యి."

నాకు ఒళ్లు మండిపోయింది. "మతి పోయిందా నీకు? బతికున్నన్నాళ్లూ ఒర్నెల్లా అడిగింది అదొక్కటే కదయ్యా!"

సెవెరీనో మ్యాపు మడతపెడుతూ నెమ్మదిగా అన్నాడు.

"ముందు వరసలో అందరూ నాకు కొత్తవాళ్లు. పక్క కుర్చీ ఖాళీగా కనబడితే, 'ఇది తీసుకోవచ్చా' అని ఎవరో ఒకరు వస్తారు. మూడో వరసలో ఎవ్వరూ అడగరు. అదెవరిదో వాళ్లకి తెలుసు."