దేవప్పకు రాని మెసేజ్

అంబరీశ్ పనిమంతుడే, ఎవరూ కాదనరు. రాయచూరు శివారులో ఒక పాల చిల్లింగ్ సెంటరుంది. అక్కడి కంప్యూటర్లన్నీ ఆయన చేతిమీదే నడుస్తాయి. ట్యాంకు వేడెక్కినా, సర్వరు ఆగినా ఆపరేటరు దేవప్ప ఫోనుకు మెసేజ్ పోయేట్టు చేసిందీ ఆయనే.

ఆయుధపూజ నాటి పొద్దున ఆ మెసేజ్‌లు పంపే ఖాతా పాస్‌వర్డ్ మార్చి, సర్వరు ఫైల్లో రాశాడు. ఒకటి పంపి చూద్దామనుకునేలోపే సర్వరుకు కుంకుమబొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేశారు. పూజ చేసిన యంత్రాన్ని ఆ రోజు ముట్టుకోకూడదాయె! మర్నాడు దసరా. ఆ తర్వాత మరిచేపోయాడు మహానుభావుడు.

ఆదివారం మధ్యాహ్నం కూలింగ్ ఆగిపోయింది. బయట వ్యాన్లకు క్యాన్లు ఎక్కిస్తున్న దేవప్పకు తెలియనేలేదు. సాయంత్రానికి పాలన్నీ విరిగిపోయాయి. ఫోన్ చూసుకోలేదని యజమాని దేవప్పను పనిలోంచి తీసేశాడు.

సోమవారం అంబరీశ్ ఫైలు తెరిచి చూశాడు. కొత్త పాస్‌వర్డ్ నడుమ # గుర్తుంది. ఆ గుర్తు కనబడితే, అక్కడినుంచి ఉన్నదంతా మనుషులు రాసుకున్న గమనిక అనుకుని సర్వరు వదిలేస్తుంది. సగం పాస్‌వర్డ్‌తో మెసేజ్ ఎట్లా పోతుంది? అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడితే సరిపోయేది. గుట్టుగా పెట్టేశాడు. యజమాని అడిగితే, ఆ రోజు మెసేజ్ పోయిందనే చెప్పాడు. ఏ గడ్డి తిని ఆ మాటన్నాడో ఆయనకే తెలియాలి.

అప్పటినుంచి ముద్ద దిగలేదు. జీతం మాత్రం తీసుకున్నాడు, సిగ్గు లేకుండా. పన్నెండో రోజు ఇక తట్టుకోలేక దేవప్ప ఊరు యాపలదిన్నికి బస్సెక్కాడు.

దేవప్ప భార్య మంజమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. దేవప్ప తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రాయచూరు పోయి చెవుల డాక్టరుకు చూపించుకున్నానని చెప్పాడు.

“చెవులు మంచిగనే ఉన్నయన్నడు సార్. మరి మెసేజ్ సప్పుడు నాకెట్ల ఇనబడలే? ఫోన్ల జూస్తే ఆ మెసేజే లేదు, తెల్వక నేనే చెరిపేసిన్నేమో. మతి పోతున్నదేమోనని మంజమ్మకు భయం. బర్రెను తోలుకపోనీకె గూడ నన్ను ఒక్కణ్ణి పంపుతలేదు.”

 పాపం అంటే ఇదే కదా అనుకున్నాడు అంబరీశ్.

“మెసేజ్ రానేలేదు, దేవప్పన్నా. నేనే తప్పు రాసిన. పోయిందని సేటుకు అబద్ధం జెప్పిన. రేపు పోయి నిజం జెప్త.”

దేవప్ప వంటింటివైపు చెయ్యి చూపించాడు.

“సేటుకు రేపు జెప్పుదువు గానీ సార్, ముందు మంజమ్మకు జెప్పు.”