చప్పుడు లేని ఆటలు

తాండూరులో మేము మూడేళ్లు అద్దెకున్న ఇంట్లో మా నేలే కింది వాళ్లకు పైకప్పు. పాతకాలపు కట్టడం. ఇనుప దూలాల మీద నాపరాయి బండలు పరిచి, సందుల్లో సున్నం నింపారు. పైన ఎవరైనా గట్టిగా అడుగేస్తే ఆ సున్నం కింద రాలేది. మా బిడ్డకు అప్పుడు రెండేళ్లు. ఆ వయసు పిల్ల మెల్లగా నడవడం నేనైతే ఎక్కడా చూడలేదు.

చేరిన వారంలోనే కింద ఉండే ఓనరమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతిలో పప్పు గిన్నె, అందులో తెల్లటి సున్నం పెచ్చు. "గిట్లయితే ఎట్ల చెల్లె? మీ పిల్ల పైన దుంకుతే మా గిన్నెల సున్నం పడుతున్నది. జర సూస్కో," అంది. ఆమె తప్పేమీ లేదు. అదే నాకు మంట. తప్పు ఆమెదైతే హాయిగా తిట్టుకునేదాన్ని. ఇల్లు మారదామంటే, చిన్నపిల్ల ఉందని అప్పటికే నలుగురు మమ్మల్ని గుమ్మంలోంచే పంపేశారు.

వీధిలో ఆడించుకోవచ్చు కదా అంటారేమో. మా వీధిలో పొద్దంతా బండల లారీలు. ఇక ఫోనులో వెతికాను. ఇంట్లో పిల్లల్ని ఎలా ఆడించాలో చెప్పే వీడియోల్లో ఆడవాళ్లు ఎంత నవ్వుతారో! పరుపు వేయండి, ఎగరనివ్వండి, కప్పగంతులు వేయించండి అంటారు. వాళ్లలో ఒక్కరైనా అద్దె ఇంట్లో ఉన్నట్టు కనబడలేదు.

చివరికి నా ఆటలు నేనే కనిపెట్టుకున్నాను. బండల అతుకుల మీద పిల్లిలా నడవడం. దుప్పటి మీద కూర్చోబెట్టి గదంతా లాగడం. రెండు చేతులతో గోడను నెట్టడం. "గోడ జరిగిందా బిడ్డా?" అంటే, "జర జరిగిందమ్మా," అనేది ఎర్రబడ్డ మొహంతో. నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ పెట్టి నడిపించాను. నిమ్మకాయ పడి చప్పుడైతే దాని బదులు దూది ఉండ పెట్టాను. ఎప్పుడైనా మరిచిపోయి పరుగు తీస్తే చెయ్యి పట్టి ఆపేదాన్ని. బంతి వెంట ఉరికిందని ఒకసారి కొట్టాను కూడా.

మా ఆయనకు వికారాబాదులో పని దొరికి ఇల్లు ఖాళీ చేసే రోజు ఓనరమ్మ బిడ్డ బుగ్గ పుణికి, "మస్తు మంచి పిల్ల. పైన పిల్ల ఉన్నట్టే తెల్వలే," అంది. సిగ్గు లేకుండా పొంగిపోయాను. ఆ మాట దారిలో మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

వికారాబాదు వచ్చాక మొదటి ఆదివారమే బిడ్డను అనంతగిరి గుట్టకు తీసుకెళ్లాను. చెట్ల కింద ఎవరెవరి పిల్లలో అరుస్తూ ఉరుకుతున్నారు. "ఉర్కు బిడ్డా, దుంకు. ఎంతనన్న దుంకు, ఎవ్వరేమనరు," అన్నాను.

ఐదేళ్ల పిల్ల. వంగి మట్టి మీద అరచెయ్యి ఆనించి అడిగింది.

"కింద ఎవ్వరుంటరమ్మా?"

"ఎవ్వరుండరు. మన్నే."

నమ్మలేదు. చెప్పులు విడిచి పక్కన పెట్టింది. మునివేళ్ల మీద ఒక్కసారి దూకి, నా మొహంలోకి చూసింది.

ఆ పాపం ఓనరమ్మ మీదికి నెడదామని చాలాసార్లు చూశాను. కుదరలేదు. ఆమె వచ్చింది ఒక్కసారే. ఆ మూడేళ్లూ బిడ్డను ఆపింది నేను.