రుచి చూడని షరబత్తు

ఆ చెంచా తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొడైకెనాల్ నుంచి విశాఖ వెళుతూ తిరుపతిలో నా స్నేహితురాలు వకుళ ఇంట్లో ఒక పూట ఆగాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ప్యాషన్ ఫ్రూట్లలో సగం కోసి, గుజ్జు వడగట్టి, చక్కెర నీళ్ళు కలిపి అందరికీ షరబత్తు చేశాను. తీపి చాలిందో లేదోనని చెంచాడు నోట్లో వేసుకున్నాను.

వకుళ వాళ్ళమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, ఎంగిలి చేసినావే అమ్మాయ్! స్వామికి ఇంకా ఆరగింపు కాలేదు గదా!"

"చెంచా మళ్ళీ గిన్నెలో ముంచలేదండీ!"

"ముంచకుంటే మాత్రం? ముందు నువ్వు తాగినావు గదా. ఇదంతా నువ్వే తాగు. మాకు నేను కలుపుతాను."

నాకు తల కొట్టేసినట్టయింది. "రుచి చూడకుండా ఎలా కలుపుతారు?" అని నిలదీశాను.

"రుచే కాదు, వాసన కూడా చూడకూడదు," అంటూ మిగిలిన పండ్లు కోసింది. అంతకుముందు ఆ పండు మొహం చూసి ఎరగదావిడ! బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి, తులసి దళం వేసి పూజగదిలోకి తీసుకెళ్ళింది.

తర్వాత నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. తప్పు పట్టాలనే తాగాను. తీపి సరిగ్గా కుదిరింది.

పులుపెక్కువైంది, నేను రుచి చూసి మరీ చేసినదే.