కలకత్తా టైము

మొన్న నా దగ్గర పరిశోధన చేసిన ఆఖరి విద్యార్థిని థీసిస్ పట్టుకుని ఇంటికి వచ్చింది. నేను రిటైరైనా ఆ అమ్మాయి పని మిగిలిపోయింది. కాఫీ తాగి, ధైర్యం కూడగట్టుకుని అడిగింది: "మేడమ్, మీ దగ్గర చదివిన వాళ్ళందరి థీసిస్‌లోనూ మొదటి పేజీలో 'ఇందులోని వేళలన్నీ ఫలానా గడియారం ప్రకారం' అని ఒక వాక్యం ఉంటుంది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ దాన్ని మీ మొక్కుబడి అంటారు. ఎందుకు మేడమ్ అది?" నవ్వేసి ఏదో చెప్పి పంపేశాను. ఇన్నేళ్ళయినా ఆ ప్రశ్న వింటే నాకు భయమే.

అసలు నేను పుట్టు పిరికిదాన్ని. కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో మా వరసగదుల వీధిలో కుక్క మొరిగినా, కొళాయి దగ్గర ఆడవాళ్ళు గొంతు పెంచినా మా అమ్మ వెనక దూరేదాన్ని. లెక్కల్లో పడ్డదీ ఆ భయం వల్లేనని నా అనుమానం. లెక్క ఎవరి మీదా అరవదు. శ్రీకాకుళం నుంచి వచ్చి రేవుల్లో కుదురుకున్న వాళ్ళ పిల్లల్లో ఎమ్మెస్సీ దాకా వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో, వీధి వీధంతా నన్ను చూపించి తమ పిల్లల్ని తిట్టేది. ఆ పిల్లలకి నా మీద ఎంత ప్రేమ ఉండేదో వేరే చెప్పక్కర్లేదు.

పరిశోధనకి మా సార్ నాకిచ్చిన విషయం గంగ. అంటే కలకత్తా మీదుగా పోయే గంగ పాయ హుగ్లీలో ఆటుపోట్ల గణితం. సార్‌ది తెల్లటి పంచె, జేబు నిండా సుద్దముక్కలు, మాట్లాడ్డం తక్కువ. ఆయన మౌనానికి నేను వణికిపోయేదాన్ని. పౌర్ణమికీ అమావాస్యకీ దగ్గర్లో సముద్రపు పోటు నీటిగోడలా లేచి నదికి ఎదురెక్కి వస్తుంది. దాన్ని అక్కడ అందరూ బాన్ అంటారు. అది ఏ రేవుకి ఎన్నింటికి వస్తుందో సమీకరణాలతో ముందే చెప్పాలి. కొత్త రికార్డులు చూడ్డానికి అనుమతి రాలేదు. అందుకని నది కొలతల ఆఫీసులో, స్వాతంత్ర్యానికి ముందు నాటి రిజిస్టర్లు చెదలు దులుపుకుంటూ రెండేళ్ళు ఎత్తిరాసుకున్నాను. చివరికి కలకత్తాకి దిగువనున్న బడ్జ్ బడ్జ్ రేవుకి నిమిషాలతో సహా ఒక పట్టిక తయారైంది.

మా నాన్న పని బడ్జ్ బడ్జ్‌లోనే. నూనె ఓడలు వచ్చినప్పుడు చిన్న పడవలో వెళ్ళి వాటి మోకుల్ని తెచ్చి గుంజలకి కట్టే జట్టుకి ఆయన పెద్ద. బాన్ వచ్చే వేళకి పడవ ఒడ్డున ఉండకూడదు. ఉంటే రాతిగట్టుకేసి కొట్టి చెక్కలు చేస్తుంది. నడి గంగలోకి తీసుకుపోయి, ముక్కు అలకి ఎదురుగా పెట్టి నిలబడాలి. కచ్చితమైన వేళ తెలియదు కాబట్టి జట్టు గంట ముందే పని ఆపేసేది. నా పట్టిక చూసి నాన్న మురిసిపోయాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, "ఇంక గంట ముందు ఎందుకు? పావుగంట ముందెల్తే సాలు. మా అమ్మి నిమిషాలు కూడా రాసినాది" అని వీధంతా చెప్పుకున్నాడు. నాకూ గర్వంగానే ఉండేది. ఇప్పుడా గర్వం తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

రెండు నెలల తరవాత, భాద్రపద పౌర్ణమి మర్నాడు. నా పట్టిక ప్రకారం ఆ రోజు బాన్ పన్నెండూ యాభైకి. పొద్దున పదిన్నరకి ఆ ఆఫీసులోనే పాత గుమాస్తాతో టీ తాగుతున్నాను. నన్ను 'మా', అంటే అమ్మా, అని పిలిచే పెద్దాయన. మాటల మధ్యలో, "అవన్నీ కలకత్తా టైమ్ కదా, మా. కలిపావా, తీసేశావా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. ఒకప్పుడు ఈ ఊరికి సొంత టైము ఉండేది. దేశమంతటి టైముకన్నా ఇరవై నాలుగు నిమిషాలు ముందు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో దాన్ని ఎత్తేశారు. రిజిస్టర్లు రాసింది ఆ పాత టైములో.

రిజిస్టర్ల పన్నెండూ యాభై అంటే మన చేతి గడియారంలో పన్నెండూ ఇరవయ్యారు. నాన్న కదిలేది పన్నెండూ ముప్పై ఐదుకి. అప్పటికే బాన్ వచ్చేసి ఉంటుంది.

ఫోను చేద్దామంటే ఆ రేవుగట్టు మీద ఫోనెక్కడిది? బస్సెక్కితే డల్హౌసీ దగ్గర ఊరేగింపు. ఎర్రజెండాలు ఇటు చివర నుంచి అటు చివరికి. మామూలు రోజుల్లో నేనూ నిలబడి చూసేదాన్ని. ఆ రోజు బస్సు దిగి సియాల్దా స్టేషన్ దాకా పరుగెత్తాను. చెప్పు తెగితే అక్కడే వదిలేశాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని గడియారం చూడ్డం, కళ్ళు మూసుకోవడం, మళ్ళీ చూడ్డం. దేవుళ్ళందరికీ మొక్కాను. ఒక్క దేవుడి పేరూ పూర్తిగా పలకలేకపోయాను. నాన్నని నేనే చంపేశాను, నా చేతిరాతతో చంపేశాను అని ఒకటే మాట తలలో తిరిగేది.

బడ్జ్ బడ్జ్‌లో దిగేసరికి పన్నెండూ ఇరవై. గట్టు చేరేసరికి ముప్పై ఐదు. మెట్లన్నీ తడి. బురదలో ఎవరిదో చిన్న డింగీ పడవ ఒకటి బోర్లా పడి, పక్క చెక్క ఊడి ఉంది. జనం మూగి ఉన్నారు. ఆ పడవకి వేసిన రంగు మాదా కాదా అని చూసే ధైర్యం కూడా లేకపోయింది.

అప్పుడు గంగ మధ్య నుంచి తాపీగా తెడ్డు వేసుకుంటూ వచ్చింది మా నాన్న పడవ. జట్టులో నేను మావయ్య అని పిలిచే ఆయన దూరం నుంచే కేకేశాడు: "అమ్మీ, నీ కాయితం నిమిషం తప్పనేదే! పన్నెండింపావుకి ఎల్లిపొమ్మని రాసినావంట గదా. మీ నాన్న సదివి సెప్పినాడు. బేగి ఎల్లిపోనాం, బతికిపోనాం."

నేను అలా రాయలేదు. నాన్న నా వైపు చూడకుండా మోకు చుట్టుకుంటున్నాడు.

అందరూ టీ కొట్టుకి వెళ్ళాక ఏడుస్తూ చెప్పాను, నా లెక్క తప్పని. ఆయన ముందు నా కాళ్ళు చూశాడు. "సెప్పులేవే? కాళ్ళు కోసుకుపోనాయి గదే" అన్నాడు. తరవాత జేబులోంచి పట్టిక తీశాడు. ప్రతి వేళ పక్కనా పెన్సిల్ గీత. "రెండు నెల్ల కిందట తొలిసారి పాత అలవాటుకి గంట ముందే ఎల్లి సూసినాను. అరగంటకి కుసింత తక్కువ, పెతీసారీ ముందరే వస్తంది. నానే ముందు ఎల్లిపోమని సెప్తన్నాను, నీ పేరు సెప్పి."

"మరి నాతో సెప్పనేదేటి నాన్నా?"

"గంగే తొందరపడతంది కాబోలనుకున్నాను. నువ్వు తప్పు రాస్తావని నానెందుకనుకుంతాను?"

మర్నాడు సార్ ఎదుట నిలబడి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మొదటి అధ్యాయం నుంచి మళ్ళీ చెయ్యమన్నారు. ఏడాది పట్టింది. డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ముప్పై ఏళ్ళ పాఠాలు, సెమినార్లు, ఎవరెవరివో చప్పట్లు. ప్రతి లెక్క చివరా సమాధానం కింద గీత గీసేటప్పుడు మాత్రం, గట్టు మీద తడి మెట్లు కనిపించి చెయ్యి ఆగేది. పిరికిదాన్ని కావడం వల్ల నా విద్యార్థులకి మేలే జరిగిందనుకుంటాను.

సరిచేసిన పట్టిక ఇస్తే నాన్న తీసుకున్నాడు కానీ, పాతది పారెయ్యలేదు. ఆయన పోయాక చొక్కా జేబులో రెండూ ఒకే మడతలో దొరికాయి. కాలాన్ని నిమిషాలతో సహా లెక్కకట్టడం బతుకుతెరువు చేసుకున్నదాన్ని. నా తప్పుకీ గంగకీ మధ్య ఆయన నోరు మెదపకుండా నిలబడిన ఆ ఇరవై నాలుగు నిమిషాలు ఎంత పొడుగో మాత్రం ఇప్పటికీ లెక్కకట్టలేకపోతున్నాను.