పేగు మీది నూగు

నిరోషకు కలలో మఖ్మల్ గుడ్డ వస్తుంది. అమీర్‌పేట సందులో జాకెట్లు కుట్టే మనిషికి కలలోకి గుడ్డ రాక బంగారం వస్తుందా! కాకపోతే ఆ గుడ్డ మీద నూగంతా రాలిపోయి ఉంటుంది. మళ్లీ మొలుస్తుందేమోనని ఆమె దాన్ని నిమురుతూనే ఉంటుంది.

ఆ నూగు మాట పంజాగుట్ట డాక్టరమ్మది. సీలియాక్ జబ్బట, గోధుమ పడక పేగు లోపలి సన్నని నూగు అరిగిపోయిందట. గోధుమ మానేస్తే కడుపు కొన్ని వారాల్లోనే తేలికపడుతుంది, నూగు తిరిగి రావడానికి ఏడాదో, రెండేళ్లో పడుతుంది, గోధుమ మాత్రం ఇక జన్మలో ముట్టకూడదు అని చెప్పింది. కళ్లు తిరక్కుండా ఒక్క జాకెట్టు మొదలుపెట్టి ముగించాలి, నిరోష కోరిక అంతే.

అత్త కమలవ్వ ఇంట్లో చపాతీలే బంద్ చేసింది. తానే జొన్నలు పిండిగిర్నీలో పట్టించుకొచ్చి, కోడలికి రోజూ రొట్టెలు చేసి పెట్టింది. ఏడాది గడిచినా రక్తపరీక్ష ఫలితం మారలేదు.

"బయట ఏమన్న తింటున్నవా బిడ్డా?" అని కమలవ్వ అడిగిన రోజు నిరోష కడుపునిండా ఏడ్చింది.

ఒకసారి అత్తకు మోకాళ్లు పట్టేస్తే నిరోషే గిర్నీకి వెళ్లింది. ముందున్నావిడ గోధుమలు పట్టించుకుని డబ్బా ఎత్తుకుంది. గిర్నీ భాయ్ మిషను ఆపకుండానే జొన్నలు పోశాడు. గిర్నీలో మిగిలిన గోధుమపిండి వెచ్చగా, మెత్తగా, మంచులా వచ్చి నిరోష డబ్బాలో పడింది. ఒకరి అడుగు పిండి ఇంకొకరి డబ్బాలో పడటం ఎప్పుడూ ఉన్నదే, ఎవరూ పట్టించుకోరు. నిరోష ఆ తెల్లటి ధూళిలో చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

సంగతి విని కమలవ్వ కూలబడింది. "ఏడాదంత నా చేతుల్తోనే పెట్టిన గద బిడ్డా."

నూగు మొలిచే లెక్క మళ్లీ మొదటికొచ్చింది. కమలవ్వ కొత్త మిక్సీ కొనిపించి, జొన్నలు ఇంట్లోనే పట్టి జల్లించడం మొదలుపెట్టింది. పిండి బరకగా ఉండి రొట్టె విరిగేది. రొట్టెలకు పేరుపడ్డ మనిషి, ముక్కలు వడ్డించడానికి మొదట్లో సిగ్గుపడింది.

ఆ పైఏడు పెళ్లిళ్ల రోజుల్లో మెరూన్ మఖ్మల్ జాకెట్టొకటి కుట్టడానికి వచ్చింది. పొద్దున మిషను ముందు కూర్చున్న నిరోష హుక్కులు కుట్టేదాకా లేవలేదు. కమలవ్వ రొట్టెముక్కల పళ్లెంతో వచ్చి నిలబడింది.

"కండ్లు తిరుగుతలేవా?"

"లేవత్తమ్మా."

కమలవ్వ పళ్లెం పక్కన పెట్టి, కోడలి కడుపు మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది.